కమాన్ కట్ట బోల్టు

ఖల్ఫాన్ పికప్ సగం బండి, సగం చేప.
తెల్లారక ముందే వెనక్కి వెనక్కి అలల్లకు దిగుతది,
పడవను తాడుతోని ఒడ్డుకు గుంజి
ఉప్పునీళ్లు కార్చుకుంట
అష్ఖరా బజారు మీదికెళ్లి ఇంటికి పోతది.
పదహారేండ్ల సంది ఇదే పని.
ఒక్కనాడూ మంచినీళ్లతోని కడిగిన పాపాన పోలే.

ఇయ్యాల ఒక పక్కకు ఒరిగి వచ్చింది,
తుంటి జారిన ముసలామె లెక్క.

జాకీ ఎత్తి కిందికి దూరిన.
వెనుక కమాన్ కట్టల రెండో పట్టీ విరిగింది.
అది పెద్ద ముచ్చట కాదు.
ముచ్చటంత కట్ట కొసకు చుట్టిన కంట్లె
ఇరుక్కున్న బోల్టుది.
నట్టుకు ఆరు మూలలుండాలె,
నా వేలికి ఒక్కటీ తగుల్తలేదు.
నానిన బెల్లంగడ్డ లెక్క ఉబ్బి
పొరలు పొరలు రాలుతున్నది తుప్పు.
కండ్లల్ల పడ్డది, నోట్లె పడ్డది.
ఉప్పగుంది.

ఉరికిపోయి పైపు తెచ్చి స్పానర్‌కు తొడిగిన.
ఇరవై రెండేండ్ల ఒళ్లు నాది.
ఓదెలన్న చాయ్ గ్లాసు దించకుంటనే అన్నడు:
"గుంజకు. తల తెగుతది.
తల తెగినంక అది ఎవని మాటా ఇనదు."

ఇనుప బ్రష్షుతోని రుద్దమన్నడు. రుద్దిన.
డీజిల్ల గేరు నూనె కలిపి
పాత కంటిమందు సీసాల నింపి
చుక్క చుక్క పోసిండు.
చిన్న సుత్తెతోని నాలుగు దిక్కులా తట్టిండు.
కొట్టుడు కాదు,
నిద్రపోయినోళ్ల తలుపు కొట్టినట్టు.

ఖల్ఫాన్ మొఖం మాడ్చుకున్నడు. రేపు పొద్దుగాల వేట ఉన్నది.
"బుక్రా," అన్నడు ఓదెలన్న.
జీతమడిగిన ప్రతి నెలా మేం ఇనే మాట
ఒక్కసారి మా నోట్లకెళ్లి ఎల్లింది.
ఆయన పోయినంక ఇద్దరం మస్తు నవ్వినం.

రాత్రి షెడ్డు మీద పండుకున్న.
కింద ఏదో కదిలింది.
పండ్ల నడుమ టార్చి పట్టుకొని
ఓదెలన్న బండి కింద.
మూడుసార్లు లేచిండు, మూడుసార్లు నూనె పోసిండు.
ఏమో మాట్లాడుతుండు దానితోని.
పైకి లేచేటప్పుడు బంపరు పట్టుకున్నడు;
మోకాలు కూడా ఒక్కపారికి విప్పుకోలే.

పొద్దుగాల గ్యాసు మంట.
డీజిల్ ట్యాంకుకు అడ్డం తడి గోనెపట్టా, పక్కకు ఇసుక బకీటు.
కంట్లె రబ్బరు కాలి నల్లటి పొగ ఎల్లింది.
నట్టు మెల్లగ మోదుగుపువ్వు రంగుకొచ్చింది.
మంట తీసి, ఎరుపు దిగినంక
కొవ్వొత్తి ముక్క దాని అంచుకు ఆనిచ్చిండు.
మైనం కరిగింది. కారలే కిందికి.
లోపలికి పోయింది.
దూప మీదున్నది తాగినట్టు తాగింది.

"ఇగ పట్టు. ముందుగాల బిగియ్యి."
"ఇప్పాలె గద అన్నా?"
"బిగియ్యి అంటున్న."
ఎంటిక మందం బిగించిన.
టక్కుమన్నది.
నా మోచేతుల దాకా వచ్చింది ఆ సప్పుడు.

అప్పటికెళ్లి పావు చుట్టు ఇటు, అరపావు అటు.
బిగుసుకున్నకాడ వెనక్కి, నూనె, మళ్ల ముందుకు.
గంటకు అర ఇంచు.
తిట్టిన, మొక్కిన, మళ్ల తిట్టిన.
నట్టు ఊడినంక కూడా బోల్టు కంట్లె కెళ్లి రానన్నది.
మర పాడుగాకుంట పాత నట్టే కొసకు తిప్పి
పెద్ద సుత్తెతోని పదకొండు దెబ్బలు.
పన్నెండో దెబ్బ కొట్టినమో లేదో యాదికి లేదు,
నట్టు తీసేసరికి
బోల్టు నా ఒళ్లె పడ్డది,
నడుము అరిగి, ఇంక వెచ్చగ.

పారేయబోతే ఖల్ఫాన్ చెయ్యి చాపిండు.
అరచేతిల తూకం చూసిండు.
వల అంచుకు గుండు తక్కువైందట.
జేబుల ఏసుకున్నడు.

కొత్త బోల్టుకు ఓదెలన్న గ్రీజు పూసిండు,
అప్పడానికి నూనె పూసినట్టు కాదు,
బాలింతకు పసుపు పూసినట్టు.
"అంత ఎందుకన్నా?"
"ఏడేండ్లకో ఎనిమిదేండ్లకో
దీన్ని ఎవడో ఇప్పుతడు.
ఆడు నన్ను తిట్టొద్దు."

తెల్లారి నాలుగింటికి కావాలనే ఒడ్డుకు పోయిన.
బండి వంకర లేకుంట వెనక్కి దిగింది.
లోపలి అల ఒకటి లేచొచ్చి
నేను బిగించిన నట్టును
కుక్కపిల్ల లెక్క నాకి పోయింది.